సీటీఆర్ఐ నంబర్ ఉన్నాక నడక డేటాకి డీఓఐ కూడా కావాలా?

గుంటూరులో ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ) చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్ళ నడక మీద థీసిస్ చేస్తున్నారు. సీటీఆర్ఐలో, అంటే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో రిజిస్ట్రేషన్ అయింది. వీడియోలు, ఫోర్స్ ప్లేట్ (అడుగు నేల మీద వేసే బలాన్ని కొలిచే పలక) ఫైళ్ళు, ఎక్సెల్ షీట్లు అన్నీ కాలేజీ మెయిల్‌తో వచ్చిన గూగుల్ డ్రైవ్‌లో ఉన్నాయి. పేపర్ పంపితే జర్నల్ వాళ్ళు డేటాకి శాశ్వత గుర్తింపు సంఖ్య, అంటే డీఓఐ అడిగారు. సీటీఆర్ఐ నంబర్ సరిపోదా? డబ్బు కడితే డీఓఐ ఇప్పిస్తామని వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు, తీసుకోవచ్చా? పోలిక కోసం వాడుకున్న విదేశీ డేటాను ఎలా సైట్ చేయాలి, అంటే రిఫరెన్సుగా ఎలా చూపాలి?

ముందు సూటిగా జవాబు చెప్తాను. సీటీఆర్ఐ నంబర్ మీ అధ్యయనానిది, మీ డేటాది కాదు. డేటాకి విడిగా డీఓఐ కావాలి. జెనోడో లాంటి రిపాజిటరీలో (పరిశోధన ఫైళ్ళు భద్రపరిచే వెబ్‌సైట్‌లో) అది ఉచితంగానే వస్తుంది, ఎవరికీ రూపాయి కట్టొద్దు. వేరేవాళ్ళ డేటా వాడుకుంటే దాన్ని పేపర్‌కి ఇచ్చినంత గౌరవంతో రిఫరెన్సుల జాబితాలోనే, వెర్షన్‌తో సహా రాయాలి. పేషెంట్ల వీడియోలు మాత్రం ఎక్కడా బహిరంగంగా పెట్టొద్దు.

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఫిజియోథెరపీ, స్పోర్ట్స్ సైన్స్ చేసేవాళ్ళ డేటాను సర్ది, రిజిస్టర్ చేయించే పని చాలా ఏళ్ళుగా నాది. ఈ సందేహాలే ప్రతి బ్యాచ్‌లోనూ వస్తాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

సీటీఆర్ఐ సంగతి మొదట చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎమ్ఆర్) 2007 జులైలో మొదలుపెట్టిన రిజిస్ట్రీ అది. ఎవరి మీద, ఏ చికిత్స, ఏ కొలతలతో చేయబోతున్నారో ముందే ప్రకటించడం దాని ఉద్దేశం. ఫలితాలు చూసుకున్నాక కొలతలు మార్చేసే అవకాశం లేకుండా చేస్తుంది. అందుకే 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి పేషెంట్‌ను చేర్చుకోకముందు వచ్చిన దరఖాస్తులనే తీసుకుంటున్నారు. ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం లేకుండా రిజిస్ట్రేషన్ కాదు. ఈ పని మీరు చేసేశారు, సంతోషం. ఆ నంబర్‌ను పేపర్‌లో అబ్‌స్ట్రాక్ట్ చివర ఒకసారి, మెథడ్స్‌లో ఒకసారి పూర్తిగా రాయండి. సంవత్సరం, నెల, ఆరంకెల సంఖ్య, మధ్యలో గీతలు (/), ఏదీ వదలకుండా. అయితే ఆ నంబర్ పట్టుకుని వెళ్ళినవాళ్ళకి కనిపించేది మీరు ఏం చేస్తానన్నారో, అంతే. మోకాలు ఎంత వంగింది, అడుగు ఎంత దూరం పడింది అన్న అంకెలు అక్కడ ఉండవు.

ఇక గూగుల్ డ్రైవ్. ఇక్కడి ఒక కాలేజీలో చదువు పూర్తయినవాళ్ళ మెయిల్ ఐడీలు ఒక వేసవిలో తీసేశారు. వాటితో పాటు డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోయాయి. ఆ లింకులు అప్పటికే అచ్చయిన పేపర్లలో ఉన్నాయి. ఇంకో దేశం నుంచి ఒక పరిశోధకురాలు ఆ డేటా అడిగితే ఇవ్వడానికి ఎవరి దగ్గరా లేదు. ఒంట్లో సత్తువ లేకపోయినా ల్యాబ్ దాకా వచ్చి, ఒళ్ళంతా మార్కర్లు (కదలికను కెమెరాలు పట్టుకునేందుకు పెట్టే చిన్న గుర్తులు) అంటించుకుని, పదే పదే నడిచి చూపించిన మనుషుల కష్టం అది. నాకు ఈ విషయంలో ఇంత పట్టుదల ఉండటానికి కారణం అదే.

డీఓఐ ఎలా పనిచేస్తుందో తెలిస్తే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. సిమ్ కంపెనీ మారినా ఫోన్ నంబర్ అదే ఉంచుకుంటాం కదా, డీఓఐ కూడా అంతే. 10తో మొదలై, చుక్క తర్వాత ఆ సంస్థ కోడ్, అడ్డగీత (/), ఆ వస్తువుకి ప్రత్యేకమైన గుర్తు. వెనక ఒక పట్టిక ఉంటుంది, ఈ నంబర్ ఇప్పుడు ఏ వెబ్ చిరునామాలో ఉందో అందులో రాసి ఉంటుంది. రిపాజిటరీ సర్వర్ మారిస్తే ఆ పట్టికలో చిరునామా దిద్దుతారు, మీ పేపర్‌లోని నంబర్ మాత్రం అలాగే పనిచేస్తుంది. అంటే శాశ్వతత్వం అంకెల్లో లేదు, పట్టికను దిద్దుతూ ఉంటామని మాటిచ్చిన సంస్థలో ఉంది. పేపర్ల డీఓఐలు ఎక్కువగా 2000లో మొదలైన క్రాస్‌రెఫ్ ద్వారా, డేటావి ఎక్కువగా 2009లో మొదలైన డేటాసైట్ ద్వారా నమోదవుతాయి. ఈ రెండింటిలోనూ సభ్యత్వం ప్రచురణకర్తలకి, రిపాజిటరీలకి, యూనివర్సిటీల లాంటి సంస్థలకే ఉంటుంది. మనలాంటి ఒక్కరికి వాళ్ళు నేరుగా నంబర్ ఇవ్వరు.

అందుకే డబ్బుకి డీఓఐ ఇప్పిస్తామనేవాళ్ళ దగ్గర రెండే జరుగుతాయి. ఒకటి, జెనోడోలో మీరే ఉచితంగా చేసుకోగలిగే పనిని వాళ్ళ అకౌంట్‌తో చేసి మీకు అమ్మడం. అప్పుడు రికార్డు మీద హక్కు వాళ్ళ చేతిలో ఉంటుంది, రేపు ఒక తప్పు దిద్దాలన్నా వాళ్ళనే బతిమాలాలి. రెండోది ఇంకా ఘోరం. డీఓఐలా కనిపించే ఏదో అంకెల వరస రాసి సర్టిఫికెట్ ఇచ్చేస్తారు, అది ఎక్కడా నమోదై ఉండదు. చూసుకోవడం సులువు: డీఓఐ డాట్ ఆర్గ్‌లోకి వెళ్ళి ఆ నంబర్ పెట్టండి. అసలైనదైతే నేరుగా ఆ వస్తువు పేజీకి తీసుకెళ్తుంది. దొరకలేదని వచ్చినా, ఏదో జర్నల్ ముందుపేజీకి వెళ్ళి ఆగిపోయినా అనుమానించండి. ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. డీఓఐ ఉందంటే దాన్ని ఎవరో పరీక్షించి మంచిదన్నారని కాదు. 10.5281తో మొదలయ్యేవి జెనోడో నంబర్లు, అక్కడ ఎవరైనా ఏదైనా పెట్టొచ్చు. జర్నల్ వ్యాసానికి ఆ నంబర్ కనిపిస్తే ఆ జర్నల్ క్రాస్‌రెఫ్‌లో సభ్యురాలేనా అని కూడా వాకబు చేయాలి.

జెనోడో ఎందుకంటున్నానంటే, అది యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్ 2013 నుంచి నడుపుతున్నది, ఒక రికార్డుకి 50 జీబీ వరకు ఉచితం. మన నడక ల్యాబ్ డేటాకి అది ధారాళంగా సరిపోతుంది. ఫిగ్‌షేర్, ఓఎస్ఎఫ్ కూడా మంచివే, మీ గైడ్ అలవాటు పడింది ఏదైతే అది వాడండి. జెనోడోలో రికార్డు తెరిచాక ఫైళ్ళు ప్రచురించకముందే డీఓఐని రిజర్వు చేసుకునే వీలుంటుంది. థీసిస్‌లో, పేపర్ డ్రాఫ్ట్‌లో ఆ నంబర్ ముందే రాసుకోవచ్చు. కానీ మీరు ప్రచురించేదాకా ఆ లింకు పనిచేయదు. పేపర్ అచ్చు ప్రూఫులు వచ్చే సమయానికి రికార్డు ప్రచురించి ఉండేలా చూసుకోండి. ప్రచురించాక వివరాలు దిద్దొచ్చు గానీ, ఫైళ్ళు మార్చాలంటే సాధారణంగా కొత్త వెర్షన్ చేయాలి.

వెర్షన్ల దగ్గర చాలామంది తికమక పడతారు. జెనోడో మీకు రెండు డీఓఐలు ఇస్తుంది. ఒకటి ఈ వెర్షన్‌కి మాత్రమే, రెండోది అన్ని వెర్షన్లకీ కలిపి, అది ఎప్పుడూ తాజా వెర్షన్‌కి తీసుకెళ్తుంది. మీ పేపర్‌లోని అంకెలు ఏ ఫైళ్ళ నుంచి వచ్చాయో ఆ వెర్షన్ డీఓఐనే సైట్ చేయండి. రేపు ఒక పేషెంట్ తన డేటా తీసేయమన్నా, ఫిల్టర్ మార్చి మళ్ళీ లెక్కగట్టినా రెండో వెర్షన్ వస్తుంది. అప్పుడు మొదటి పేపర్‌లోని సగటు రెండో వెర్షన్‌లో రాదు. ఏది దేనిదో తెలియకపోతే మిమ్మల్ని తప్పుబడతారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతికి వస్తున్నాను. డేటాసైట్ తప్పనిసరిగా అడిగేవి ఆరే: గుర్తింపు సంఖ్య, సృష్టికర్తలు, శీర్షిక, ప్రచురించిన సంస్థ, సంవత్సరం, వస్తువు రకం. అవి నింపేస్తే నంబర్ వచ్చేస్తుంది. కానీ మన రంగంలో అంతటితో ఆగితే ఆ డేటా ఎవరికీ పనికిరాదు. చాలా మోషన్ క్యాప్చర్ (కెమెరాలతో కదలికను నమోదు చేసే) ల్యాబుల్లో నిలువు అక్షం జెడ్. అంతర్జాతీయ బయోమెకానిక్స్ సంఘం 2002, 2005లలో ఇచ్చిన సూచనల్లో మాత్రం వై పైకి, ఎక్స్ ముందుకి, జెడ్ కుడివైపుకి. ఏది వాడారో రాయకపోతే ఇంకొకరు మీ ఫైల్ తెరిచి మోకాలు వంగడాన్ని పక్కకి తిరగడంగా లెక్కగట్టే ప్రమాదం ఉంది. వంగడం ప్లస్సా మైనస్సా అన్నది కూడా ల్యాబుని బట్టి మారుతుంది.

కాబట్టి డేటాతో పాటు ఒక సాదా టెక్స్ట్ ఫైల్ పెట్టండి. కెమెరాలు సెకనుకి ఎన్ని ఫ్రేములు తీశాయి, ఫోర్స్ ప్లేట్ సెకనుకి ఎన్నిసార్లు నమోదు చేసింది (ఈ రెండూ సాధారణంగా వేరువేరు, ఉదాహరణకి 100, 1000), యూనిట్లు మిల్లీమీటర్లా మీటర్లా, ఏ మార్కర్ సెట్, ఏ మార్కర్ ఎక్కడ అంటించారు, అక్షాల దిశలు, ఏ ఫిల్టర్ ఎంత కటాఫ్‌తో, ఖాళీ ఫ్రేములను ఎలా పూరించారు, చెప్పుల్లేకుండానా చెప్పులతోనా, చేతికర్ర లేదా ఏఎఫ్ఓ (చీలమండకీ పాదానికీ ఆధారంగా తొడిగే పరికరం) వాడారా, పక్కన ఎవరైనా పట్టుకున్నారా. పక్షవాతం విషయంలో ఏ వైపు బలహీనమో, ఎన్ని నెలలైందో తప్పనిసరి. ఈఎమ్‌జీ (కండరాల విద్యుత్ సంకేతాలు) తీసి ఉంటే ఎలక్ట్రోడ్లు, వాటిని ఎక్కడ ఎలా అంటించాలో చెప్పే సెనియామ్ సూచనల ప్రకారం పెట్టారో లేదో కూడా. ఇంకొకటి, ముడి ఫైళ్ళు, లెక్కగట్టిన ఫైళ్ళు వేరు ఫోల్డర్లలో ఉంచండి. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే తెరుచుకునే ఫైళ్ళ పక్కన సీ3డీ (కదలిక డేటాకి వాడే ఫార్మాట్), సీఎస్‌వీ (సాదా పట్టిక) రూపాలు కూడా ఇవ్వండి. 1980ల నుంచి ఉన్న సీ3డీ ఫార్మాట్ ఇప్పటికీ ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెరుచుకుంటుంది. మీరు వాడిన కంపెనీ ప్రోగ్రాం పదేళ్ళ తర్వాత ఉంటుందని ఎవరు చెప్పగలరు?

సీ3డీ గురించి చెప్తున్నాను కాబట్టి ఒక హెచ్చరిక. రికార్డింగ్ మొదలుపెట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో సబ్జెక్ట్ పేరు టైప్ చేస్తాం. ఆ పేరు సీ3డీ ఫైల్ లోపల దాక్కుని ఉంటుంది. ఫైల్ పేరును పీ01 అని మార్చినంత మాత్రాన లోపలి పేరు పోదు. ఇక్కడి ల్యాబుల నుంచి నా దగ్గరికి వచ్చే ఫైళ్ళలో పేషెంట్ పేరుతో పాటు ఓపీ నంబర్ కూడా కనిపించిన సందర్భాలు ఉన్నాయి. అప్‌లోడ్ చేసే ముందు ప్రతి ఫైల్‌నూ సీ3డీ ఎడిటర్‌లో తెరిచి సబ్జెక్ట్స్ విభాగం చూడండి. ఫోన్‌తో తీసిన వీడియోలో ఊరు, వీధి దాకా లొకేషన్ ఉండొచ్చు.

వీడియోలు పెట్టొద్దని మొదట్లోనే అన్నాను. ముఖం మసక చేస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. ఒక మనిషిని నడకను బట్టి గుర్తుపట్టడం సాధ్యమే, దాని మీదే పరిశోధనలు జరుగుతున్నాయి. మన ఊళ్ళలో అయితే సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. తెనాలి దగ్గర ఫలానా పల్లె, యాభై ఏళ్ళ ఆడమనిషి, కుడి వైపు పక్షవాతం అని రాస్తే ఆ పల్లెలో ఎవరికైనా తెలిసిపోతుంది. ఊరు పేరు వద్దు, వయసు ఐదేళ్ళ గుంపులుగా ఇవ్వండి, తేదీలు తీసేసి జబ్బు వచ్చాక ఎన్ని నెలలు అన్నది మాత్రం ఉంచండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి ఒకవైపు, అంతకంటే ముందు ఐసీఎమ్ఆర్ 2017 ఎథిక్స్ మార్గదర్శకాలు గోప్యత గురించి చెప్పేవి మీ కమిటీకి తెలిసే ఉంటాయి. మీ సమ్మతి పత్రం తెలుగు ప్రతిలో పేరు లేకుండా డేటాను ఇతర పరిశోధకులతో పంచుకుంటామన్న వాక్యం ఉందో లేదో ఈ రోజే తీసి చూడండి. ఉంటే మార్కర్ల, ఫోర్స్ ప్లేట్ల డేటా బహిరంగంగా పెట్టొచ్చు. లేకపోతే ఎథిక్స్ కమిటీని రాతపూర్వకంగా అడగాలి, మీకు మీరే నిర్ణయించుకోకూడదు.

ఇక్కడ చాలామందికి తెలియని సదుపాయం ఒకటుంది. డీఓఐ తీసుకోవడానికి ఫైళ్ళు అందరికీ తెరిచి ఉండనక్కర్లేదు. రికార్డు పేజీ అందరికీ కనిపిస్తుంది, ఫైళ్ళు మాత్రం అడిగినవాళ్ళకి మీరు అనుమతిస్తేనే దిగుతాయి. కమిటీ దీనికి ఒప్పుకుంటే జర్నల్ వాళ్ళకి కావలసిన నంబర్ వస్తుంది, పేషెంట్లకి ఇచ్చిన మాట కూడా నిలబడుతుంది.

పేర్ల విషయం మన తెలుగువాళ్ళకి పెద్ద తలనొప్పి. ఇంటిపేరు ముందు రాసుకుంటాం, పొట్టి అక్షరంగా రాసుకుంటాం, ఒక్కో సర్టిఫికెట్‌లో ఒక్కోలా ఉంటుంది. ఫారంలో చివరి పేరు అడిగితే రావు అనో, కుమారి అనో పడుతుంది. రిఫరెన్సుల్లో మీరు ఇక ఎప్పటికీ రావుగానే ఉంటారు, అలాంటి రావులు వేలమంది. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకున్న అమ్మాయిల పాత పేపర్లు వేరే మనిషివైపోతున్నాయి. దీనికి మందు ఆర్కిడ్ అనే 16 అంకెల నంబర్. 2012 నుంచి ఉంది, ఉచితం. చివరి అంకె స్థానంలో ఒక్కోసారి ఎక్స్ వస్తుంది, కంగారుపడొద్దు. డేటా రికార్డులో మీకూ, గైడ్‌కీ, ల్యాబ్ టెక్నీషియన్‌కీ కూడా ఆర్కిడ్ జతచేయండి. కెమెరాలు కాలిబ్రేట్ చేసిన మనిషి పేరు లేకుండా డేటా పెట్టడం నాకు నచ్చదు.

సంస్థల పేర్లదీ అదే కథ. విజయవాడలోని మన ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో పుట్టింది. ఎన్టీఆర్ పేరుతో చాలాకాలం ఉండి, 2022లో వైఎస్సార్ పేరుకి మారి, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరుకి వచ్చింది. ఆ ఏళ్ళలో వచ్చిన పేపర్లను పేరుతో వెతికితే సగమే దొరుకుతాయి. 2019లో మొదలైన రోర్ అనే రిజిస్ట్రీ సంస్థలకి గుర్తింపు సంఖ్యలు ఇస్తుంది. జెనోడోలో సంస్థ పేరు టైప్ చేసేటప్పుడు జాబితాలోంచి ఎంచుకుంటే ఆ సంఖ్య దానంతట అదే జతవుతుంది. చేత్తో టైప్ చేసి వదిలేయకండి.

ఇక సైట్ చేయడం. పోలిక కోసం ఏ డేటా వాడారో మీరు చెప్పలేదు. ఆరోగ్యవంతుల నడకకి ఇక్కడ ఎక్కువమంది వాడేది బ్రెజిల్ నుంచి ఫుకుచి, ఫుకుచి, దువార్తె 2018లో పీర్‌జే అనే జర్నల్‌లో ప్రచురించినది. 42 మంది, అందులో 24 మంది యువకులు, 18 మంది పెద్దవయసువాళ్ళు, నేల మీదా ట్రెడ్‌మిల్ మీదా వేర్వేరు వేగాల్లో నడిచారు. మెల్లగా నడిచే పేషెంట్లతో పోల్చడానికి బాగా ఉపయోగపడుతుంది. దానిలో పేపర్‌కి ఒక డీఓఐ, ఫిగ్‌షేర్‌లోని డేటాకి వేరే డీఓఐ. మీరు పద్ధతి గురించి చదివింది పేపర్‌లో, లెక్కగట్టింది ఫైళ్ళతో. కాబట్టి రెండూ విడివిడి రిఫరెన్సులుగా రావాలి. డేటా రిఫరెన్సులో వరస ఇలా ఉంటుంది: సృష్టికర్తల పేర్లు, సంవత్సరం, డేటాసెట్ శీర్షిక, వెర్షన్, రిపాజిటరీ పేరు, అది డేటాసెట్ అన్న సూచన, చివర డీఓఐ పూర్తి లింకు రూపంలో. జర్నల్ శైలిని బట్టి ముందువెనకలు మారుతాయి, ఏదీ ఎగిరిపోకూడదు. అందరి డేటా వాడకుండా పెద్దవయసు 18 మందిదే తీసుకుంటే ఆ సంగతి మెథడ్స్‌లో చెప్పండి, ఎవరెవరిదో ఫైల్ నంబర్లతో సహా.

కృతజ్ఞతల్లో ఒక లింకు పెట్టి వదిలేసే అలవాటు ఇక్కడ బాగా ఉంది. సైటేషన్లు లెక్కపెట్టే వ్యవస్థలు ప్రచురణకర్త పంపిన రిఫరెన్సుల జాబితాను చదువుతాయి. కృతజ్ఞతల్లో రాసింది వాటి కంట పడదు, డేటా ఇచ్చినవాళ్ళ ఖాతాలోకి ఏమీ చేరదు. మీ సొంత డేటాను కూడా మీ పేపర్ రిఫరెన్సుల్లో రాసుకోండి, అది సొంత డబ్బా కాదు. జెనోడో రికార్డులో కూడా సంబంధిత రచనల దగ్గర పేపర్ డీఓఐ, సీటీఆర్ఐ పేజీ లింకు పెడితే అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు దారి ఉంటుంది. లెక్కలకి పైథాన్, మ్యాట్‌ల్యాబ్ కోడ్ రాసి ఉంటే, కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌ని జెనోడోకి కలిపితే దానికీ డీఓఐ వస్తుంది.

మీ పరిస్థితిలో నేనైతే ఈ వరసలో వెళ్తాను. ముందు సమ్మతి పత్రం చూసి, అవసరమైతే కమిటీకి ఉత్తరం. ఆ జవాబు వచ్చేలోపు డ్రైవ్‌లోని ఫైళ్ళను రెండు చోట్ల కాపీ చేసి, పేర్లు తీసేసి, వివరాల ఫైల్ రాసుకోవడం. మీతో పాటు చదివేవాళ్ళెవరికైనా ఆ ఫైల్ ఇచ్చి, మిమ్మల్ని ఏమీ అడగకుండా ఒక పేషెంట్ మోకాలి గ్రాఫ్ గీయమనండి. గీయలేకపోతే ఎక్కడ ఆగారో అక్కడ ఇంకో వాక్యం రాయాలి. తర్వాత డీఓఐ రిజర్వు చేసి, ఎడిటర్‌కి పంపే ఉత్తరంలో ఆ నంబర్‌తో పాటు కమిటీ జవాబు ఎప్పుడు రావచ్చో కూడా రాయండి. అలా చెప్తే గడువు పొడిగించడానికి చాలా జర్నళ్ళు అభ్యంతరం పెట్టవు. వివరాల ఫైల్ డ్రాఫ్ట్ అయ్యాక, పేషెంట్ వివరాలేవీ లేకుండా ఇక్కడ పెడితే చదివి లోటుపాట్లు చెప్తాను.